కుడిపక్క స్పీకరు

ఆ ఇంట్లో టీవీ మాట్లాడేది గోడతోనే.

కొత్త టీవీ, పలకలా పల్చన. స్పీకర్లు వీపున ఉన్నాయి. అందులోని మనుషులు ఏం చెప్పుకున్నా ముందు గోడకు చెప్పుకునేవాళ్లు. గోడ మింగగా మిగిలింది ఇటు వచ్చేది. ఏడుపులు వినబడేవి. ఎందుకు ఏడుస్తున్నారో వినబడేది కాదు.

"కొంచెం పెంచన్నయ్యా," అనేది చెల్లెలు కుట్టుమిషను దగ్గర్నుంచి.

మేస్త్రి పెంచేవాడు. పక్కవాటా ఆయన గోడమీద తట్టేవాడు. మేస్త్రి తగ్గించేవాడు.

"ఇప్పుడా కోడలు అత్తతో ఏమంది?"

"ఏదో అందిలే. తర్వాత ఏడ్చింది."

"ఏడ్చిందని నాకూ కనబడుతోంది. ఊళ్లో లిఫ్టులన్నీ నీకు గుసగుసలు చెప్పేవటగా. ఒక్క సీరియల్ పిల్ల మాట పట్టుకోలేవా? ఏం చెవిమేస్త్రివి నువ్వు!"

చెల్లెలు నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు. మేస్త్రి భార్య మాత్రం కళ్లజోడు తీసి, తుడిచిందే మళ్లీ తుడిచింది.

ఆయనకు అసలు పేరు ఒకటి ఉంది. జీతం కాగితాల మీద తప్ప ఎవరూ దాన్ని వాడలేదు. పందొమ్మిదేళ్లు లిఫ్టులు బాగుచేసిన మనిషి. డాబా మీది మోటారు గదిలోకి వెళ్లి, మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద పెట్టి, కర్రపిడి కుడిచెవికి ఆనించుకుని, కళ్లు మూసుకునేవాడు. ఇనుము లోపల జరుగుతున్నదంతా ఆ పిడిలోంచి చెవిలోకి దిగేది. "ఇది ఇంకో నెల వస్తుంది. అది రేపే మార్చాలి" అనేవాడు. విప్పి చూస్తే అంతే ఉండేది. కంపెనీవాళ్లు మీటర్లు తెచ్చారు. మీటరు ఒకటి చెప్పి మేస్త్రి ఇంకొకటి చెబితే, మీటరును మూటగట్టి పెట్టేసేవాళ్లు. చెవిమేస్త్రి అన్న పేరు అలా వచ్చింది. తర్వాతి ఇరవై ఏళ్లు స్టోర్సులో కూర్చుని నట్లూ బోల్టులూ అందించినా ఆ పేరు పోలేదు.

ఆ కుడిచెవి పోయి ఇరవై రెండేళ్లయింది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒక జ్వరంలో పోయింది. ఎడమచెవితో నెట్టుకొచ్చాడు. నలుగురిలో నిలబడితే కుడివైపు చివర నిలబడేవాడు, మనుషులంతా ఎడమపక్కకు వచ్చేలాగా. కూర్చుంటే కుడివైపు గోడ ఉండేలా చూసుకునేవాడు. మాట అందకపోతే తల ఊపి "ఆఁ, బాగుంది" అనేవాడు. లోకంలోని మాటల్లో సగానికి ఆ జవాబు సరిపోతుంది.

పోయిన చెవి ఊరికే ఉండదు. అందులో బయటి చప్పుడు ఏదీ రాదు గానీ లోపలిది ఒకటి ఉంది. సన్నని గరగర. ఎండిన ఇసుకను ఎవరో వేళ్ల మధ్య నలుపుతున్నట్టు. అది చెవి పోయిన రోజున మొదలవలేదు. రెండు నెలల తర్వాత, బావ పోయిన రోజున మొదలైంది. బావ అంటే చెల్లెలి భర్త. మేస్త్రితో జతగా పనిచేసిన మనిషి. మేస్త్రి "బాగుంది" అన్నాక లిఫ్టు ఎక్కి, దిగని మనిషి.

ఆరు నెలల కిందటి దాకా చెల్లెలు ఊరికి అటు చివర విడిగా ఉండేది. బట్టలు కుట్టుకుని బతికింది. మేస్త్రి పదిసార్లు రమ్మన్నాడు, పదిసార్లూ రానంది. ఆమె అద్దెకున్న మేడ పడగొడతామనేసరికి, కుట్టుమిషనుతో వచ్చి ముందుగదిలో కిటికీ పక్కన దిగింది. మేస్త్రికి సంతోషమూ వేసింది, భయమూ వేసింది. ఎప్పుడో ఒకసారి పలకరించే చెల్లెలి దగ్గర ఒక చెవిని దాచడం తేలిక. పొద్దస్తమానం ఒకే గదిలో ఉండే చెల్లెలి దగ్గర దాచడం వేరు. చెవి సంగతి బయటపడితే, అది ఎప్పుడు పోయిందని అడుగుతుంది. ఎప్పుడు పోయిందో చెబితే ఇంక చెప్పాల్సింది ఏమీ మిగలదు.

"విడిగా స్పీకర్లు కొనుక్కుంటే మాటలు శుభ్రంగా వినబడతాయటండీ," అంది భార్య ఒకరోజు టీ ఇస్తూ.

"నా వాటా నేనిస్తా వదినా," అంది చెల్లెలు. "నాకు సీరియలొక్కటే కాదు, పాటలూ కావాలి. ఎంచే పని అన్నయ్యది. చెవి ఉన్నది ఆయనకేగా."

మేస్త్రి టీ వేడిగా ఉన్నట్టు ఊదుకున్నాడు.

*

ముగ్గురూ కలిసి వెళ్లారు. భార్య ఎప్పట్లాగే ఎడమపక్కన నడిచింది. చెల్లెలు ముందు నడిచింది, చేతిసంచిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టుకుని. అందులో బావ పాటలున్నాయి. పాత క్యాసెట్లలో ఉన్నవాటిని ఎవరిచేతో ఎక్కించి పెట్టుకుంది.

బావకు పాటల పిచ్చి. మోటారు గదుల్లో పారేసిన చెక్కలతో రెండు స్పీకరు డబ్బాలు తనే చేసుకున్నాడు. సెలవురోజున మేస్త్రిని కూర్చోబెట్టి వినిపించేవాడు. "చూడు బావా, పాడేమనిషి ఇందులోనూ లేదు, అందులోనూ లేదు. రెంటికీ మధ్య గాల్లో నిలబడింది. అక్కడ ఏమీ లేదు. అయినా అక్కడే ఉంది." అప్పుడు మేస్త్రికి రెండు చెవులూ ఉన్నాయి. నిజంగానే ఆమె గాల్లో నిలబడింది. ఆ డబ్బాలు తర్వాత చెదలు తినేశాయి.

షాపు ఒక సందులో, మేడమీద. యజమాని ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. ఇప్పుడూ అందరూ ఆయన్ని రేడియో అనే అంటారు, ఆపకుండా మాట్లాడతాడని.

"ఎంతలో కావాలో చెప్పండి. దాన్నిబట్టి అబద్ధాలు చెబుతా," అన్నాడు.

"మధ్యరకంలో," అంది మేస్త్రి భార్య.

"మధ్యరకానికే అబద్ధాలెక్కువమ్మా. పోనీ, మేస్త్రిగారు వచ్చారు కాబట్టి ఇవాళ నిజాలే." ఒక పొడుగాటి నల్లకర్ర లాంటిది తట్టి చూపించాడు. "ఇది సౌండ్‌బార్. టీవీ కింద పడుకుంటుంది. ఒకటే తీగ. మాటలు బాగా వినబడతాయి. దీనికి తోడు ఈ దిమ్మె ఇస్తారు, గుబగుబలాడటానికి. మీకు కిందవాటా వాళ్లతో మాటలున్నాయా?"

"ఉన్నాయి."

"అయితే దిమ్మె వద్దు, ఉన్న మాటలు పోతాయి." మళ్లీ రెండు మామూలు స్పీకర్ల వైపు తిరిగాడు. మూరెడు కూడా లేవు. మధ్యలో చిన్న ఆంప్లిఫయరు. "ఇవీ అంతే ఖరీదు. సోకు లేదు, రంగురంగుల లైట్లు లేవు. అందుకే ఎవరూ కొనరు. పాట మాత్రం పాటలా వస్తుంది. అన్నిటికంటే ఎక్కువ వాట్లు రాసున్నది ఆ మూల ఉంది. ఆ అంకె నమ్మకండి, అది అట్టపెట్టె మీద అచ్చేసినవాడి గొప్ప."

వెనకగదికి తీసుకెళ్లాడు. గోడలకు చప్పుడు మింగే గుడ్ల అట్టలు అతికించి ఉన్నాయి. తలుపు మూస్తే వీధి పోయింది. గది మధ్య ఒక్కటే కుర్చీ. దాని కాళ్ల చుట్టూ నేలమీద సుద్దగీతలు.

"రండి మేస్త్రిగారూ. మీలాంటి చెవి ఈ కుర్చీలో కూర్చుని ఎన్నాళ్లయిందో!"

మేస్త్రి కూర్చున్నాడు. గోడ లేదు కుడిపక్క. చెల్లెలు అక్కడ వచ్చి నిలబడింది.

చెల్లెలి పెన్‌డ్రైవ్‌లోంచి పాట మొదలైంది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. పాటంతా ఎడమ భుజం మీదికొచ్చి కూర్చుంది. ఇరవై రెండేళ్లుగా ఆయనకు లోకమంతా ఎడమపక్కనే ఉంది. కుడిపక్క, ఇసుక నలుగుతోంది.

"పాడే ఆవిడ ఎక్కడుందో చెప్పండి," అన్నాడు రేడియో.

బావ మాట గుర్తొచ్చింది. "మధ్యలో."

"శభాష్! మరి వేణువు?"

బావ వేణువు గురించి చెప్పలేదు. మేస్త్రి కళ్లు తెరవలేదు. తెరిస్తే చెల్లెలు కనబడుతుంది.

"ఆయన కొనడానికొచ్చాడా, పరీక్ష రాయడానికొచ్చాడా?" అంది భార్య. "రేటు చెప్పవయ్యా ముందు."

"ఉండండమ్మా, ఈ చెవితో ఒక్కసారి సరిచూసుకోనివ్వండి. వేణువు?"

"ఎడమ," అన్నాడు మేస్త్రి.

రేడియో స్పీకర్ల వైపు చూశాడు, తన తీగల వైపు చూశాడు. "కుడి కదా రావాలి... తీగలు నేనే తారుమారు పెట్టి ఉంటాను. మేస్త్రిగారు ఎడమ అన్నారంటే ఇంక దానికి తిరుగులేదు." వెనక్కి వంగి, సరిగ్గా ఉన్న తీగలు పీకి, అటువి ఇటూ ఇటువి అటూ పెట్టాడు.

మేస్త్రి చూస్తూ ఉండిపోయాడు. మీటర్లను మూటగట్టిన రోజులు ఇలాగే ఉండేవి.

"లే అన్నయ్యా, నేను కూర్చుంటా."

చెల్లెలు కూర్చుని విన్నది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కదలకుండా, పాట సగం దాకా.

"ఇప్పుడు వేణువు ఎడమపక్క వస్తోంది," అంది.

"అదేనమ్మా, ఇందాక తప్పుంది, మీ అన్నయ్యగారు పట్టేశారు."

"ఈ పాటలో వేణువు కుడిపక్క ఉంటుంది. మా ఇంట్లో కుడిడబ్బా మీద చెయ్యి పెట్టుకుని వినేదాన్ని."

రేడియో తల గోక్కున్నాడు. చెల్లెలు అన్న మొహంలోకి చూసింది. ఎగతాళి లేదు ఆ చూపులో. కుట్టు ఎక్కడ తప్పిందో వెతికే చూపు.

"నన్నడిగితే ఆ బార్ చాలు," అన్నాడు మేస్త్రి. "ఒక్క ముక్క. తీగలు తక్కువ. తుడుచుకోవడం తేలిక. మాటలే కదా మనకు కావాల్సింది."

"మాటలు నీకు. నాకు పాట కావాలి," అంది చెల్లెలు. "ఈ రెండే కొందాం అన్నయ్యా. నిన్ను నేను ఎప్పుడైనా ఏదైనా అడిగానా?"

అడగలేదు. భర్త పోయిననాడు కూడా ఏమీ అడగలేదు. అందుకే మేస్త్రి అన్నాళ్లు బతకగలిగాడు.

"సరే," అన్నాడు.

*

రెండు అట్టపెట్టెలను ఒళ్లో పెట్టుకుని ఇంటికి వస్తుంటే దారంతా ఆయనకు ఆ మోటారు గదే కనబడింది.

ఏడంతస్తుల పాత మేడ. లిఫ్టు ఏదో గొణుగుతోందని ఆఫీసువాళ్లు పిలిచారు. మోటారు గదిలో మేడ మేనేజరు, ఇద్దరు కొత్త మెకానిక్కులు నిలబడి చూస్తున్నారు. చెవిమేస్త్రి వినడం చూడాలని వచ్చినవాళ్లు. మేస్త్రి స్క్రూడ్రైవరు తీశాడు. చెవి పోయి రెండు నెలలు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎడమచెవితో వినేవాడు. ఆ చెవికి అలవాటు లేదు, అయినా ఎంతోకొంత చెప్పేది. ఆ రోజు ముగ్గురు చూస్తున్నారు. మేస్త్రి కుడిచెవితో వింటాడని అందరికీ తెలుసు. పిడి ఎడమకు మారిస్తే, ఎందుకు అని ఒకడైనా అడుగుతాడు.

పిడి కుడిచెవికి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. ఏమీ వినబడలేదు. మంచి బేరింగులో కూడా ఏమీ వినబడదు.

క్యాబిన్ పైకప్పు మీద నిలబడి పనిచేయడానికి బావ పై అంతస్తు తలుపు దగ్గర కాచుకుని ఉన్నాడు. తాళ్లు దిగే కంతలోంచి కేకేశాడు. "బావా, ఎక్కనా?"

"బాగుంది, ఎక్కు," అన్నాడు మేస్త్రి.

లిఫ్టు పడిపోతుందని జనం భయపడతారు. ఆ పనిలో ఉన్నవాళ్లు భయపడేది వేరే. తాళ్లకు అటుచివర వేలాడే ఇనుపదిమ్మెలు ఖాళీ క్యాబిన్ కంటే బరువు. తాళ్లు నడిపే చక్రం ఇరుసు విరిగితే దిమ్మెలు కిందికి పోతాయి, క్యాబిన్ పైకి లేస్తుంది. పైన మోటారు గది నేల ఉంటుంది. మధ్యలో మనిషి ఉంటాడు.

విచారణకు వచ్చినవాళ్లు ఇరుసును కోసి చూశారు. పగులు లోపల్నుంచి వచ్చిందని, ఎవరికీ తెలిసే వీలు లేదని రాశారు. మేస్త్రి అది చదివాడు. అలాంటి పగుళ్లు కొన్ని వారం ముందునుంచీ గరగరలాడతాయి. కొన్ని ఏమీ అనవు. ఆ రోజు అది అన్నదో లేదో తెలియాల్సింది ఒక్క మనిషికి. ఆ మనిషి పోయిన చెవితో విన్నాడు. అందుకని చెవి తనే ఒక గరగర తయారుచేసుకుంది. ఆ రోజు వినాల్సింది ఇదేనేమో అన్నట్టు, అప్పటినుంచీ వినిపిస్తోంది.

*

మధ్యాహ్నం అన్నాలయ్యాక మేస్త్రి స్పీకర్లు బిగించాడు. టీవీకి అటొకటి, ఇటొకటి. సొరుగులోంచి పాత స్క్రూడ్రైవరు తీశాడు. పిడి ఒకవైపు నున్నగా అరిగి ఉంది, చెవి ఆనిన మేర. తీగలు ఒలిచాడు. ఎర్రది ఎర్రదాంట్లో, నల్లది నల్లదాంట్లో. చెల్లెలు మిషను ఆపి చూస్తోంది. ఎవరైనా చూస్తుంటే ఆయన చేతులు ఇప్పటికీ ఒకలా ఉండవు.

"అయిందా?" అంది భార్య.

"అయింది."

పాట పెట్టాడు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. పాట ఎడమ భుజం మీదికొచ్చింది. ఎప్పట్లాగే. చెల్లెలు చూస్తోందన్న ధ్యాసలో వేణువు సంగతే గుర్తు రాలేదు.

"బాగుంది," అన్నాడు.

ఆయన కళ్లు తెరిచాడు. భార్య నేలకేసి చూస్తోంది. చెల్లెలు లేచి, కుడిపక్క స్పీకరు దగ్గరికి వెళ్లి, దాని గుడ్డ మీద అరచేయి ఆనించింది. జ్వరం చూసినట్టు.

"అన్నయ్యా, ఇది పలకట్లేదు."

"తీగ వదులై ఉంటుంది. బిగిస్తాలే."

"అది కాదు. పాట సగమే వస్తోంది. వేణువే లేదు. పాడే మనిషి ఆ మూలకు పోయి నిలబడింది. నువ్వు బాగుందన్నావు."

మేస్త్రి లేవబోయాడు.

"వేణువు ఎక్కడంటే ఆ షాపులో ఎడమ అన్నావు. ఏ పక్కో అక్కడా తెలియలేదు నీకు. నీకు ఈ పక్క వినబడదు కదూ?"

"పెద్దతనం కదమ్మాయ్..." అంది భార్య.

"నువ్వుండు వదినా. నువ్వు ఎప్పుడూ ఆయనకి ఎడమపక్కే నడుస్తావు. నేనొచ్చినప్పట్నుంచీ చూస్తున్నా. కూర్చున్నా అటే, పిలిచినా అటునుంచే." ఆమె చేయి ఇంకా స్పీకరు మీదే ఉంది. "ఎప్పట్నుంచన్నయ్యా?"

చెప్పడానికి ఆయన దగ్గర చాలా అబద్ధాలున్నాయి. రిటైరైన ఏడు. పోయిన చలికాలం. ఏది చెప్పినా సరిపోయేది. పాట ఇంకా నడుస్తోంది, సగమే, కుంటుకుంటూ.

"బావ పోవడానికి రెండు నెలల ముందునుంచి," అన్నాడు.

చెల్లెలు లెక్క సరిచూసుకుంటున్నట్టు పెదవులు కదిపింది.

"ఆయన ఆఖరుగా విన్న మాట ఏంటో నాకు తెలుసు," అంది. "అక్కడున్న మెకానిక్కులు చెప్పారు. బాగుంది, ఎక్కు. ఇన్నేళ్లూ నేనేం అనుకున్నానో తెలుసా? మా అన్నయ్య అంతటివాడు విని చెప్పాడు, ఇంక ఎవరు మాత్రం ఏం చేయగలరు అనుకున్నా. అదే అనుకుని నిద్రపోయేదాన్ని."

"చెల్లీ..."

"ఎడమచెవితో వినచ్చుగా?"

"అందరూ చూస్తున్నారు," అన్నాడు మేస్త్రి.

అంతే. ఇరవై రెండేళ్లు కడుపులో దాచుకున్నది తీరా బయటికి వచ్చేసరికి రెండు మాటలు. ఇంత చిన్నదని ఆయనకూ తెలియదు.

"ఆ చెవితో విని ఉంటే తెలిసేదా?"

"తెలియదు."

"తెలియదా?"

"తెలియదమ్మా. ఆ చప్పుడు ఉందో లేదో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. నన్ను తినేస్తున్నది అదే."

చెల్లెలు స్క్రూడ్రైవరు అందుకుంది. స్పీకరు వెనక్కి వంగి, తీగ లాగి చూసింది. పైతోలు సరిగ్గా ఒలవలేదు. రాగి తగలాల్సిన చోట ప్లాస్టిక్కే తగులుతోంది. పళ్లతో తోలు లాగేసి, దారం పేనినట్టు రాగిని మెలిపెట్టి, లోపలికి దూర్చి నొక్కింది. ఇద్దరాడవాళ్ల మొహాలూ ఒక్కసారి మారాయి. గదిలోకి ఇంకెవరో వచ్చినట్టు ఇద్దరూ టీవీకి ఎదురుగా, ఏమీ లేని గాల్లోకి చూశారు.

మేస్త్రికి వేణువు కూడా ఎడమ భుజం మీదికే వచ్చింది, గాల్లో ఎవరూ నిలబడలేదు.

పాట అయిపోయేదాకా చెల్లెలు నిలబడే ఉంది. తర్వాత మిషను దగ్గరికి వెళ్లి, వదిలేసిన కుట్టు అందుకుంది.

సాయంత్రం వంటింట్లో మేస్త్రి భార్యను అడిగాడు. "నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"జ్వరం తగ్గినప్పట్నుంచి. ఈ పక్కన పడుకుని పిలిస్తే పలికేవారు కాదు."

"మరి అడగలేదేం?"

ఆమె కూరగాయలు తరుగుతూనే ఉంది. "అడిగితే మీరు చెప్పేస్తారని," అంది.

*

చెల్లెలు వెళ్లిపోతుందనుకున్నాడు. వెళ్లలేదు. మూడోరోజు పొద్దున లేచేసరికి, తన కుర్చీని గోడకు దూరంగా జరిపి ఉండటం చూశాడు. కుడివైపు, గోడ ఉన్న చోట, చెల్లెలి ముక్కాలిపీట ఉంది.

అప్పట్నుంచి ఆమె అక్కడే కూర్చుంటుంది. సీరియల్ మాటలు ఇప్పుడు శుభ్రంగా వినబడతాయి. ఆ కోడలు అత్తతో ఏమందో అందరికీ తెలుస్తుంది. పక్కవాటా ఆయన గోడ తట్టడం మానేశాడు. రేడియో ఒకసారి దారిలో కనబడి, "ఎలా పలుకుతున్నాయి మేస్త్రిగారూ?" అని అడిగాడు. "నన్నడక్కు. నాకు ఒక్క చెవే ఉంది," అన్నాడు మేస్త్రి. అదో జోకనుకుని రేడియో గట్టిగా నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక టీవీ ఆపేసి పాటలు పెడతారు. టీవీ అద్దం నల్లగా ఉంటుంది. అందులో ముగ్గురూ కనబడతారు. ఎడమన భార్య, మధ్యలో తను, కుడిపక్క ముక్కాలిపీట మీద చెల్లెలు. బావ పాట వచ్చినప్పుడు, వేణువు దగ్గర, చెల్లెలు మేస్త్రి కుడిచెవి వైపు వంగుతుంది. ఆమె పెదవులు కదలడం అద్దంలో కనబడుతుంది. చిన్న మాట. ప్రతిరోజూ అదే మాట. ఊపిరి మెడకు తగులుతుంది. చెవిలో ఇసుక నలుగుతుంది.

మొదటిరోజు భార్య వైపు తిరిగి, ఏమందని అడిగాడు. ఆమె విన్నది. ఆమె మొహం చూస్తే తెలిసింది, విన్నదని.

"అది నాతో చెప్పింది కాదండీ," అంది భార్య.

వెనకటి మేస్త్రి అయితే తల ఊపి, ఆఁ, బాగుంది అనేవాడు. ఇప్పుడు అనడు. అద్దంలోని చెల్లెలి కళ్లలోకి చూస్తాడు.

"వినబడలేదు చెల్లీ," అంటాడు.

ఆమె మళ్లీ చెప్పదు. నిటారుగా కూర్చుని పాట వింటుంది. మర్నాడు వేణువు వచ్చే వేళకు మళ్లీ వంగుతుంది.